మందు పనిచేసిన మూడు రోజులు

పర్లాకిమిడి నుంచి విశాఖ ఆసుపత్రికి వస్తూ మా బావ సంచిలో నాలుగు కొబ్బరి బొండాలు పట్టుకొచ్చాడు. మావయ్యకి మెడలో, చంకల్లో గడ్డలు లేచి, అది లింఫోమా అనే లింఫు గ్రంథుల కేన్సర్ అని తేలి, ముందురోజే మొదటి కీమో ఎక్కించారు. నీరసపడ్డ మనిషికి బొండాం నీళ్లకి మించి ఏం పడతాం? బావ కత్తి బయటికి తీసేలోపే సిస్టర్ వచ్చి ఆపేసింది.

"ఈ మూడు రోజులూ ఇవి పట్టకండి. అరటిపళ్లు కూడా వద్దు."

"ఏటమ్మా, కొబ్బరి నీళ్లు కూడా తప్పేనా?" అని బావ నొచ్చుకున్నాడు.

కొబ్బరి నీళ్లలో పొటాషియం ఎక్కువ. మామూలప్పుడు అదే వాటి గొప్ప. ఆ రోజు మాత్రం మావయ్యకి బయటి పొటాషియం అక్కర్లేదు, కరుగుతున్న గడ్డల్లోంచే వచ్చి పడుతోంది. దీన్ని ట్యూమర్ లైసిస్ సిండ్రోమ్ అంటారు. వార్డులో అందరూ 'లైసిస్' అనేస్తారు. లైసిస్ అంటే కణం పగిలిపోవడం. మందు మరీ బాగా పనిచేస్తే వచ్చే చిక్కు ఇది. డాక్టరు చెప్పినప్పుడు మాకు సంతోషించాలో భయపడాలో తెలియలేదు.

ఒంట్లోని పొటాషియంలో దాదాపు 98 శాతం కణాల లోపలే ఉంటుంది. లోపల లీటరుకు 140 మిల్లీమోల్స్ దాకా ఉంటే, రక్తంలో ఉండాల్సింది 3.5 నుంచి 5. గుండె సరిగ్గా కొట్టుకోవాలంటే ఈ తేడా నిలవాలి. కొద్ది గంటల్లో కోటానుకోట్ల కణాలు పగిలితే రక్తంలో లెక్క 6 దాటుతుంది. గుండె లయ తప్పుతుంది, ఒక్కోసారి ఉన్నట్టుండి ఆగిపోతుంది.

దాని వెనకే ఫాస్ఫేట్ వస్తుంది. అక్యూట్ లుకేమియా (వేగంగా ముదిరే రక్త కేన్సర్) కణాల్లో ఇది మామూలు లింఫోసైట్లలో (ఒక రకం తెల్ల రక్తకణాల్లో) కంటే నాలుగు రెట్ల దాకా ఉంటుంది. అది రక్తంలోని కాల్షియాన్ని పట్టుకుని స్ఫటికాలుగా పేరుకుంటుంది. కాల్షియం పడిపోతే పెదాల చుట్టూ, వేళ్ల కొసల్లో తిమ్మిర్లు, కండరాలు పట్టెయ్యడం, ముదిరితే ఫిట్స్. ఇక కణంలోని డీఎన్ఏ విరిగి యూరిక్ ఆమ్లం అవుతుంది. ఈ సరుకంతా కిడ్నీల గుండానే పోవాలి. పెళ్లి భోజనాలయ్యాక విస్తళ్లన్నీ ఒకేసారి వీధి కాలువలో పడేస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఒడిశాలోని మా గజపతి జిల్లాకి ఆనుకునే శ్రీకాకుళం వైపు ఉద్దానం ఉంది. అక్కడ చుట్టరికాలు లేని ఇల్లు మా వైపు తక్కువ. అక్కడ కారణం అంతుపట్టని కిడ్నీ జబ్బు ఎంతమందికో ఉంది. కిడ్నీలు ముందే నలిగి ఉన్నవాళ్లకి లైసిస్ ముప్పు ఇంకా ఎక్కువ.

అన్ని కేన్సర్లలోనూ ఇది రాదు. రొమ్ము, ఊపిరితిత్తుల గడ్డల్లో అరుదు. బర్కిట్ లింఫోమా, అక్యూట్ లుకేమియా లాంటి వేగంగా పెరిగేవాటిలో, కీమో మొదలైన 12 నుంచి 72 గంటల్లో ఎక్కువ. కొందరికి మందు ఎక్కకముందే వస్తుంది. ఇంకో సంగతి: మా ఊళ్లలో మెడలో బిళ్లలు కడితే, ఆయాసం వస్తే స్టెరాయిడ్ సూది పొడిపించుకోవడం అలవాటు. అది లింఫోమా అయితే స్టెరాయిడ్‌కే ఆ కణాలు పగులుతాయి, ఆ సూది ఒక్కటే లైసిస్‌కి చాలు.

అడ్డుకోవడానికి మొదటి మందు నీళ్లే. పెద్దవాళ్లకి రోజుకు 3 లీటర్లు దాటి సెలైన్ ఎక్కిస్తారు. పోసిన మూత్రం కొలవాలి. మావయ్య ప్లాస్టిక్ జగ్గులో కొలిచి, తనే నోట్‌బుక్‌లో ఒడియా అంకెల్లో రాసుకునేవాడు. ఆయన చదువంతా ఒడియా మీడియం. విజయనగరం సిస్టర్ ఆ పేజీ చూసి, "ఇది లెక్కా, ముగ్గా?" అంది.

తర్వాతిది అల్లోప్యూరినాల్, గౌట్‌కి (యూరిక్ ఆమ్లం పేరుకుని వచ్చే కీళ్లవాపుకి) వాడే మాత్రే. గెర్‌ట్రూడ్ ఎలియన్, జార్జ్ హిచింగ్స్ ఒక లుకేమియా మందు ఒంట్లో త్వరగా విరిగిపోకుండా ఆపడానికి దీన్ని పరీక్షించారు. యూరిక్ ఆమ్లం తయారీనీ ఆపుతుందని తేలింది. 1988 నోబెల్ పంచుకున్నవారిలో ఈ ఇద్దరూ ఉన్నారు. అయితే అప్పటికే పేరుకున్న యూరిక్ ఆమ్లాన్ని ఈ మాత్ర కరిగించలేదు. దానికి రాస్‌బ్యూరికేజ్ అనే ఎంజైమ్ ఉంది. చాలా జంతువుల ఒంట్లో ఇలాంటి ఎంజైమ్ ఉంటుంది, పరిణామంలో మనుషులం పోగొట్టుకున్నాం. మందు కంపెనీలు దాని జన్యువుని ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు నుంచి తీసుకున్నాయి. తడిసిన వేరుశనగకి పట్టి, కాలేయ కేన్సర్ తెచ్చే అఫ్లటాక్సిన్ పుట్టించేది ఆ బూజే! రాస్‌బ్యూరికేజ్ ఎక్కించాక తీసిన రక్తాన్ని ఐసులో పెట్టి ల్యాబ్‌కి పంపాలి. లేకపోతే ట్యూబులోనూ అది పని చేస్తూనే ఉండి, యూరిక్ ఆమ్లం లెక్క తప్పుగా తక్కువ చూపిస్తుంది.

ఈ మందు ఇచ్చేముందు డాక్టరు మమ్మల్ని వింత ప్రశ్న అడిగాడు: "మీ ఇంట్లో ఎవరికైనా మలేరియా మాత్రలు వేసుకున్నాక మూత్రం నల్లగా వచ్చిందా, కళ్లు పచ్చబడ్డాయా?" జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్నవాళ్లకి ప్రైమాక్విన్ అనే మలేరియా మాత్ర వేస్తే ఎర్ర రక్తకణాలు పగులుతాయి, రాస్‌బ్యూరికేజ్‌తోనూ అంతే. మలేరియా తరతరాలుగా ఉన్నచోట్ల ఈ లోపం ఎక్కువ. గజపతి, రాయగడ, కొరాపుట్, మల్కన్‌గిరి అలాంటి జిల్లాలే. అందుకే మా వైపువాళ్లని ఆ మాట అడగడం, వీలైతే రక్తపరీక్ష చేయించడం తప్పదు. మావయ్యకి ఆ లోపం లేదని తేలింది.

మూడో రాత్రికి పొటాషియం 4.4కి దిగింది. బొండాలు అప్పటికే బావ పక్క మంచాల అటెండెంట్లకి కొట్టి ఇచ్చేశాడు. రెండో సైకిల్ (రెండో విడత కీమో) నాటికి గడ్డ చాలావరకు కరిగి ఉంటే పగలడానికి మిగిలే కణాలూ తక్కువే, అందుకని భయం తగ్గుతుంది. అయినా బావ ఈసారి కొత్త నోట్‌బుక్ కొని, గీతలు కొట్టి, ఒక వరస పైన 'తాగినవి', రెండో వరస పైన 'పోసినవి' అని తెలుగులో రాసి తెచ్చాడు.