నిద్ర రానివ్వని మాత్ర

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

పదో తరగతి పరీక్షల టెన్షన్‌లో బుజ్జి ఫోన్‌లో అడిగింది: "తాతయ్యా, నిద్ర రాకుండా చేసే మాత్రలున్నాయట కదా, వేసుకుంటే ఏమవుతుంది?" ఫోన్‌లో తేలే సంగతి కాదని రాస్తున్నాను.

మా చిన్నప్పుడు ధాన్యం బస్తాలు ఎడ్లబండి మీదే మిల్లుకు వెళ్లేవి. వాగు దాటి గట్టెక్కే చోట చక్రాలు ఇసుకలో దిగబడేవి. బండి తోలే మామ చెర్నాకోల ఝళిపిస్తే ఎద్దులు ఒక్క ఊపున పైకి లాగేసేవి. ఎక్కాక చూస్తే నోటినిండా నురగ, ఎగసిపడే డొక్కలు. చెర్నాకోల గడ్డి పెట్టదుగా, ఒంట్లో ఉన్న సత్తువనే బయటికి లాగుతుంది. మామ వెంటనే కాడి విప్పి కుడితి పెట్టేవాడు.

ఆ మాత్ర కూడా చెర్నాకోలే. 1893లో జపాన్‌లో నాగాయి నాగయోషి అనే రసాయన శాస్త్రవేత్త ఎఫెడ్రా మొక్కలో ఉండే పదార్థంతో మెథాంఫెటమిన్ అనే నిద్ర రానివ్వని మందు తయారుచేశాడు. 1941లో అది 'హిరోపోన్' పేరుతో మందుల షాపుల్లోకి వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం రోజులు. సైనికులకూ, ఫ్యాక్టరీ కూలీలకూ అందింది. జర్మనీ వాళ్లూ తక్కువ తినలేదు. 1940లో ఏప్రిల్ నుంచి జూలై లోపే తమ సేనలకు ఇలాంటివి 3.5 కోట్ల మాత్రలు పంపారు. ఒక్కో దాంట్లో మందు 3 మిల్లీగ్రాములు, ఆవగింజంత బరువు! అంత చిన్నది అంత మనిషిని రాత్రంతా ఎలా నిలబెడుతుందో తలుచుకుంటే ఇప్పటికీ వింతే.

యుద్ధం అయిపోయినా జపాన్‌లో చెర్నాకోల కింద పెట్టలేదు. సైన్యం దగ్గర మిగిలిన సరుకు బజారున పడింది. తిండి కరువైన రోజుల్లో ఆకలి కూడా తెలియనివ్వని మందు దొరికితే ఎవరు వద్దంటారు? చదువుకునే పిల్లలూ, రాత్రి పనివాళ్లూ అలవాటు పడ్డారు. మొదట ఒక మాత్రకు లేచిన ఒళ్లు తర్వాత మూడింటికీ లేవదు. ఎవరో వెంటాడుతున్నారని లేనిపోని భయాలు పట్టుకుంటాయి. 1951లో చట్టం చేసి కట్టడి పెట్టారు. అయినా 1954 ఒక్క ఏడాదిలోనే 55 వేల మందికి పైగా అరెస్టయ్యారు. వాళ్ల మీద నాకు జాలే. కోపమంతా మొదట షాపులో పెట్టి అమ్మినవాళ్ల మీద.

ఈ మాత్ర జాతికే చెందిన కొన్ని మందులను డాక్టర్లు కొందరికి కొలిచి ఇస్తారు, అది వేరు.

రేపు కిరాణా కొట్టుకు వెళ్తే ఫ్రిజ్‌లోని ఎనర్జీ డ్రింక్ డబ్బా ఒకటి తిప్పి చూడండి. అందులో ఉండే కెఫీన్ కూడా చెర్నాకోలే, కాస్త చిన్నది. ఎంత ఉందో, ఎవరు తాగకూడదో చీమ తలకాయంత అక్షరాల్లో రాసి ఉంటుంది. ఆ జాబితాలో పిల్లలున్నారేమో వెతకండి.

మీ తాతయ్య