లేఅవుట్ కింద పైపులు, పైన చెట్లు: మేం రోజూ వినే అపోహలు

తిరుపతి చుట్టుపక్కల వేసే లేఅవుట్లకు నీళ్లు, డ్రైనేజీ, పార్కుల డ్రాయింగులు గీయడం నా పని. ఫైలు పట్టుకుని తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ)కూ కార్పొరేషన్‌కూ తిరగడం అందులో సగం. రోడ్డు ఎన్ని అడుగులని అందరూ అడుగుతారు. రోడ్డు కింద ఏముందని అడిగేవాళ్లు తక్కువ.

అపోహ: "డ్రైనేజీ అంటే పైపు పూడ్చడమే కదా సార్, వాలు మేస్త్రీ చూసుకుంటాడు."

వాస్తవం: నా ఫైళ్లు ఎక్కువసార్లు వెనక్కి వచ్చింది ఈ ఒక్క విషయంలోనే. 150 ఎంఎం మురుగు పైపుకు నేను 100కి 1 వాలు పెడతాను. 30 మీటర్లకో మ్యాన్‌హోల్ అనుకుంటే, ఒకదాని నుంచి ఇంకోదానికి పైపు 30 సెంటీమీటర్లు దిగాలి. నేల చదునుగా ఉండి వీధి 300 మీటర్లుంటే, మీటరు లోతున మొదలైన పైపు చివరికి 4 మీటర్ల లోతుకు పోతుంది. మెయిన్ రోడ్డు లైను రెండున్నర మీటర్లలోనే ఉంటే? మురుగు తనంతట తాను పైకి ఎక్కదు. మోటారు పెట్టాలి, దానికో గుంత, కరెంటు, కాపలా మనిషి. అందుకే ఫైలు తెరవగానే ఇంజనీరు వేలు పెట్టేది ఆఖరి మ్యాన్‌హోల్ అడుగు లెవెల్ మీద. మన వైపు ఇంకో తంటా ఉంది. తవ్వుతుంటే బండ తగులుతుంది, జేసీబీ ఆగుతుంది, మేస్త్రీ వాలు తగ్గించి పూడ్చేస్తాడు. కాగితం మీద అంతా సవ్యంగానే ఉంటుంది.

అపోహ: "నీళ్ల పైపూ మురుగు పైపూ ఒకే కాలువలో వేస్తే తవ్వకం ఖర్చు మిగులుతుంది."

వాస్తవం: మనకు కుళాయి నీళ్లు 24 గంటలూ రావు. సరఫరా ఆగాక పైపు ఖాళీ అవుతూ బయటి తేమను లోపలికి పీలుస్తుంది. పక్కనే మురుగు కారుతుంటే అదీ వస్తుంది. నీళ్ల పైపు పైన, మురుగు పైపు కింద, మధ్యలో ఎడం.

అపోహ: "ఆ వంక (చిన్న వాగు) ఎప్పుడో ఎండిపోయింది, ప్లాట్లలో కలిపేసుకోవచ్చు."

వాస్తవం: మన పెద్ద వానలు అక్టోబరు, నవంబరుల్లో. ఎకరం మీద 10 సెంటీమీటర్ల వాన పడితే 4 లక్షల లీటర్లు. మట్టి నేల కొంత తాగుతుంది, సిమెంటు రోడ్డు తాగదు. 2021 నవంబరులో ఎండిన వంకలన్నీ తమ దారి తాము వెతుక్కున్నాయి. ఎమ్మార్‌పల్లి వైపు ఒక ఇంట్లో సిమెంటు రింగుల సంపు నేలలోంచి పైకి లేచిన వీడియో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అందులో వింతేమీ లేదు. చుట్టూ నేల నీళ్లతో ఊరిపోయింది, కడగడానికి తొట్టి ఖాళీ చేశారు, పడవలా తేలింది. ముసురు పట్టినప్పుడు సంపు తోడించొద్దని అప్పటి నుంచి నేను డ్రాయింగ్ మీదే రాస్తున్నాను.

అపోహ: "ల్యాండ్‌స్కేపింగ్ అంటే గేటు దగ్గర లాను, త్వరగా పెరిగే చెట్లు. దానికి రివ్యూ ఎందుకు?"

వాస్తవం: ఇక్కడ నా తప్పే చెప్పాలి. కరకంబాడి వైపు ఒక లేఅవుట్‌లో చెట్ల షీటు వేరొకరు గీశారు, పైపుల షీటు నాది. రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూడలేదు. కోనోకార్పస్ వరస సరిగ్గా మురుగు లైను మీద పడింది. నాలుగో ఏడు ఛాంబర్లు ఎదురు తన్నాయి. తవ్వి పైపు కోస్తే లోపల కొబ్బరిపీచు చాపలా వేళ్లు. గట్టి పైపును వేరు పగలగొట్టదు. అతుకు దగ్గర చెమ్మ ఉంటే వెంట్రుకంత సందులోంచి దూరి లోపల లావెక్కుతుంది. అంటే అతుకుదీ తప్పే, చెట్టుదీ తప్పే. గుజరాత్ 2023లో కోనోకార్పస్ నాటడాన్ని నిషేధించింది. నేనిప్పుడు పైపులు లేని అంచున కానుగ, వేప, నేరేడు వేయిస్తాను. కరెంటు తీగల కింద పారిజాతం, నందివర్ధనం చాలు. పైపులూ చెట్లూ ఒకే షీటు మీద ఉంటాయి.

అపోహ: "పార్కు స్థలం బిల్డరుదే, తర్వాత ఏదైనా కట్టుకుంటాడు."

వాస్తవం: కాదు. రోడ్లూ పార్కు స్థలమూ గిఫ్ట్ డీడ్‌తో స్థానిక సంస్థకు వెళ్తాయి.

అపోహ: "ఎల్పీ నంబరు వచ్చింది, ఇక టెన్షన్ లేదు."

వాస్తవం: ఎల్పీ నంబరంటే లేఅవుట్ అనుమతి నంబరు. ముందొచ్చేది తాత్కాలిక అనుమతి మాత్రమే. పనులు పూర్తయ్యేదాకా కొన్ని ప్లాట్లు తనఖాలో ఉంటాయి. అవి కొనకండి. ప్రాజెక్టు రెరా (స్థిరాస్తి నియంత్రణ చట్టం) కిందికి వస్తే, స్వాధీనం చేసిన 5 ఏళ్లలోపు నిర్మాణంలో గానీ సదుపాయాల్లో గానీ లోపం బయటపడితే సొంత ఖర్చుతో బాగుచేయాల్సింది బిల్డరే. రెరా చట్టం, 2016లో ఆ మాట ఉంది.

ప్లాటు చూడ్డానికి వెళ్లినప్పుడు పక్కపక్కనున్న రెండు మ్యాన్‌హోల్ మూతలు తీయించండి. ఎగువ దాంట్లో పసుపు కలిపిన రెండు బకెట్ల నీళ్లు పోయించి, మీరు దిగువ దాని దగ్గర నిలబడండి. రెండు నిమిషాల్లో పసుపు కనిపించకపోతే, బేరం ఆపి లెవెల్స్ షీటు (ఏ మ్యాన్‌హోల్ ఎంత లోతో రాసిన కాగితం) అడగండి.