వెయ్యిలో ఎనిమిది మంది: యువైటిస్ లెక్కల వెనుక చరిత్ర

దక్షిణ భారతంలోని పెద్ద కంటి ఆస్పత్రుల్లో ఓపీకి వచ్చే వెయ్యి మందిలో ఎనిమిది మంది దాకా యువైటిస్ పేషెంట్లే ఉంటారని చాలాకాలంగా చెబుతున్నారు. కనుపాప చుట్టూ ఉండే రంగు పొర నుంచి కంటి వెనుక తెరలాంటి రెటీనాకు వెనుక ఉండే రక్తనాళాల పొర దాకా ఎక్కడైనా వచ్చే వాపు ఇది. ముందు భాగంలో వస్తే కన్ను ఎర్రబడి, నొప్పి పెట్టి, వెలుతురు చూడనివ్వదు. వెనుక భాగంలో వస్తే నొప్పి లేకుండానే చూపు మసకబారి, కళ్ల ముందు నల్ల చుక్కలు తేలతాయి. శుక్లం సాధారణంగా పెద్ద వయసులో వస్తుంది. ఇది మాత్రం ఎక్కువగా 20 నుంచి 50 ఏళ్ల మధ్య, ఇల్లు గడవడానికి కష్టపడే వయసులో వస్తుంది. అందుకే ఎనిమిది అంటే నాకు చిన్న సంఖ్య అనిపించదు.

ఈ లెక్కలు మనకు ఆలస్యంగా వచ్చాయి. స్వాతంత్ర్యం వచ్చిన తొలి దశాబ్దాల్లో కంటి వైద్యం ముందున్న పెద్ద శత్రువు ట్రకోమా అనే అంటు కంటిజబ్బు. దాని మీద 1963లో జాతీయ కార్యక్రమం మొదలైంది. 1976లో వచ్చిన అంధత్వ నివారణ కార్యక్రమం శుక్లం ఆపరేషన్ల మీద దృష్టి పెట్టింది. యువైటిస్ ఒక్కరోజు క్యాంపులో తేలే జబ్బు కాదు. స్లిట్ ల్యాంప్ అనే కంటి మైక్రోస్కోప్ కింద చూడాలి, రక్తపరీక్షలు, ఛాతీ ఎక్స్‌రే చేయించాలి, నెలల తరబడి మళ్లీ మళ్లీ పిలిపించాలి. అలాంటి జబ్బుకు క్యాంపుల్లో చోటు దొరకలేదు.

మదురైలో అరవింద్ (1976), చెన్నైలో శంకర నేత్రాలయ (1978), హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి (1987) వచ్చాక పరిస్థితి మారింది. ప్రత్యేక యువైటిస్ క్లినిక్‌లు పెట్టి, వచ్చిన ప్రతి కేసునూ రాసిపెట్టడం మొదలైంది. 1990ల్లో చెన్నై డాక్టర్లు 1,273 మంది పేషెంట్ల వివరాలు ప్రచురించారు.

మదురైలో జరిగింది మరీ ముఖ్యం. 1993 చివర్లో అక్కడ వరదలు వచ్చాయి. ఆ తర్వాత యువైటిస్ కేసులు ఒక్కసారిగా పెరిగాయి. డాక్టర్లు ఆరా తీస్తే ఎలుకల మూత్రంతో కలుషితమైన నీటి వల్ల సోకే లెప్టోస్పైరోసిస్ బయటపడింది. 73 మంది పేషెంట్ల వివరాలు వైద్య పత్రికలోకెక్కాయి. అంతకుముందు ఈ రకం యువైటిస్‌ను చాలా అరుదని అనుకునేవారు. తర్వాత ఊరి చెరువుల్లో ఈతకొట్టే పిల్లల కళ్లలో వచ్చే గడ్డలకు నీటిలోని ఒక రకం పురుగు కారణమని కూడా ఆ డాక్టర్లే గుర్తించారు. శ్రద్ధగా రాసిపెట్టిన రిజిస్టర్ లేకపోతే ఇవేవీ తేలేవి కావు.

అయితే ఆస్పత్రి లెక్క గడప దాటి వచ్చినవాళ్లనే చూపిస్తుంది. రెఫరల్ ఆస్పత్రికి కష్టమైన కేసులే ఎక్కువగా వెళ్తాయి కాబట్టి వెనుక భాగపు వాపులు అక్కడ ఎక్కువ కనిపిస్తాయి. ఇంటింటికీ వెళ్లి చూస్తే ఎలా ఉంటుంది? ఆ పని మన దగ్గరే జరిగింది. 1996లో మొదలైన ఆంధ్రప్రదేశ్ కంటి వ్యాధుల సర్వేలో భాగంగా హైదరాబాద్ నగరంలో 2,522 మందిని పరీక్షించారు. 0.73 శాతం మందిలో యువైటిస్ ఆనవాళ్లు దొరికాయి. చూడటానికి ఆస్పత్రి లెక్కకు దగ్గరగానే ఉంది కానీ రెండూ ఒకటి కావు. సర్వేలో ఎప్పుడో వచ్చి మానిపోయిన మచ్చలను కూడా లెక్కపెట్టారు. ఆస్పత్రికి మాత్రం చాలామంది కన్ను ఇబ్బంది పెడుతున్నప్పుడే వస్తారు.

కారణాల పట్టిక కూడా కాలంతో మారింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో దాదాపు ప్రతి కేసునూ క్షయకో సిఫిలిస్‌కో అంటగట్టేవారు. ఇప్పుడు తెల్లవారుజామున నడుము పట్టేసే కుర్రాడి కన్ను ఎర్రబడితే కీళ్లవాతం పరీక్ష కూడా చేయిస్తున్నారు. అన్ని పరీక్షలూ చేసినా కారణం తేలని కేసులు నేటికీ చాలా ఉన్నాయి. కంటి క్షయను కచ్చితంగా నిరూపించడం కూడా కష్టమే. పైగా జబ్బు రకాలకు పేర్లు పెట్టడంలో డాక్టర్ల మధ్య ఏకాభిప్రాయం ఉండేది కాదు. 2005లో అంతర్జాతీయంగా ఒక ఒప్పందం అచ్చయ్యాకే ఆస్పత్రుల లెక్కలను పక్కపక్కన పెట్టి చూడటం కొంత సులువైంది.

2024లో ట్రకోమాను ప్రజారోగ్య సమస్యగా భారత్ నిర్మూలించిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. జిల్లాల వారీగా ఇళ్లకు వెళ్లి వెతికారు కాబట్టి ఆ మాట ధైర్యంగా చెప్పగలిగారు. తెలుగు రాష్ట్రాల్లో యువైటిస్‌కూ అలాంటి వెతుకులాట కావాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. ఎందుకంటే కన్ను ఎర్రబడగానే చాలామంది ముందు వెళ్లేది మెడికల్ షాపుకే. స్టెరాయిడ్ చుక్కలతో రెండు రోజుల్లో ఎరుపు తగ్గుతుంది, మనసులో ఆందోళన కూడా తగ్గుతుంది. లోపలి వాపు మాత్రం తిరగబెడుతూ ఉంటుంది. చుక్కలను నెలల తరబడి వాడితే కంటి ఒత్తిడి పెరగొచ్చు, శుక్లం రావచ్చు. ఏళ్ల తర్వాత అలాంటివాళ్లు ఆస్పత్రికి వస్తే శుక్లం పేషెంటుగానో గ్లకోమా (నీటికాసులు) పేషెంటుగానో రిజిస్టర్‌లో చేరిపోవచ్చు.