ఇంజినీరు ఇంటికి పంపే రియాలు

చమురు దేశాలకు డాలర్లు భూమిలోంచే వస్తాయి కదా, విదేశీ మారక నిల్వలకూ (కేంద్ర బ్యాంకు దాచుకునే డాలర్లు) చదువుకూ సంబంధమేంటని ఒక పాఠకుడు అడిగారు. డాలర్లు రావడంలో సంబంధం తక్కువే. ఉన్న సంబంధమంతా అవి బయటికి పోవడంలోనే.

సౌదీ అరేబియాను చూడండి. అక్కడ 1986 నుంచి డాలరుకు 3.75 రియాళ్లు. ఆ రేటు నిలబడాలంటే, బ్యాంకుల ద్వారా ఎవరు రియాళ్లు తెచ్చినా కేంద్ర బ్యాంకు డాలర్లు ఇచ్చి తీరాలి. కరీంనగర్ నుంచి వెళ్లిన ఇంజినీరు ఇంటికి డబ్బు పంపినప్పుడు జరిగేది ఇదే.

లెక్క కోసం అతని జీతం నెలకు 12,000 రియాళ్లు అనుకుందాం. 7,500 ఇంటికి పంపితే 2,000 డాలర్లు బయటికి. మిగతా 4,500తో అక్కడే బతుకుతాడు. ఆ ఖర్చులో 40 శాతం దిగుమతి సరుకే అనుకుంటే ఇంకో 480 పోతాయి. మొత్తం 2,480. ఆ కుర్చీలో సౌదీ ఇంజినీరు కూర్చుని జీతమంతా ఊళ్లోనే ఖర్చుపెట్టినా కారూ ఫోనూ దిగుమతివే. అదే 40 శాతం చొప్పున 1,280 డాలర్లు పోతాయి. అంటే నెలకు మిగిలేది 1,200. చాలామంది 2,480 మొత్తం మిగిలిపోతుందనుకుంటారు, అక్కడే పొరపాటు.

మరి ఆ సౌదీ ఇంజినీరు తయారయ్యేదెలా? సౌదీ ప్రభుత్వం 2005లో మొదలుపెట్టిన అబ్దుల్లా రాజు స్కాలర్‌షిప్‌తో అమెరికా వెళ్లాడనుకోండి. ఒక ఏడాది ఇంగ్లీషు, నాలుగేళ్ల డిగ్రీ, ఏడాదికి 50,000 డాలర్లు వేసుకున్నా రెండున్నర లక్షలు. చెల్లింపుల శేషం, అంటే దేశంలోకి వచ్చే, బయటికి పోయే డబ్బు లెక్క, దాని నియమాల్లో ఒక తమాషా ఉంది. విదేశంలో ఎన్నేళ్లు చదివినా విద్యార్థి స్వదేశీ కిందే లెక్క, కాబట్టి అతని ఫీజూ అద్దే సౌదీ ఖాతాలో ప్రయాణ సేవల దిగుమతిగా పడతాయి. ఏడాదికి 14,400 చొప్పున మిగులుతూ ఆ రెండున్నర లక్షలు తిరిగి రావడానికి పదిహేడేళ్లు దాటుతుంది! అదే సౌదీలోనే, దహ్రాన్‌లో 1963లో పెట్టిన పెట్రోలియం కాలేజీ లాంటి చోట చదివితే బయటికి పోయేది విదేశీ ప్రొఫెసర్లు పంపే డబ్బు, పరికరాల ఖర్చు మాత్రమే.

తిరిగొచ్చినవాడు ప్రభుత్వ ఆఫీసులో చేరి, ప్లాంటులో విదేశీ ఇంజినీరు అలాగే ఉండిపోతే? పాత 2,480కి కొత్త 1,280 తోడవుతుంది. పట్టాను తాయెత్తులా చూసేవాళ్లకు ఈ కూడిక గిట్టదు.

జీతాలకన్నా పెద్ద చిల్లు డిజైన్‌లో ఉంటుంది. ప్లాంటు డ్రాయింగు బయట గీస్తే, అందులో రాసే వాల్వూ పంపూ గీసినవాళ్లకు అలవాటైన విదేశీ కేటలాగు నుంచే వస్తాయి. ఏ సరుకు ఎలా ఉండాలో చెప్పే స్పెసిఫికేషన్ రాయగలిగినవాడు దేశంలోనే ఉంటేనే స్థానిక వర్క్‌షాపు టెండరులోకి రాగలుగుతుంది. నార్వే ఈ కిటుకు ముందే పట్టింది. 1970ల చివరి నుంచి చమురు లైసెన్సు కావాలన్న విదేశీ కంపెనీలను పరిశోధన నార్వేలో చేయించే ఒప్పందాల్లోకి లాగింది.

అలాగని నిల్వల గ్రాఫు పక్కన విద్యార్థుల గ్రాఫు పెట్టి చూస్తే మోసపోతాం. చమురు ధర పెరిగితే రెండూ కలిసే పెరుగుతాయి. సౌదీ నిల్వలు 2014లో 700 బిలియన్ డాలర్లకు పైన ఉండి, 2017 చివరికి 500 బిలియన్ల దిగువకు పడ్డాయి. ఆ మూడేళ్లలో పడింది చదువు కాదు, బ్యారెల్ ధర. చదువు పనిచేసిందో లేదో తేలాలంటే చెల్లింపుల శేషంలో రెండే వరసలు తీయాలి: సేవల దిగుమతి, కార్మికులు పంపే డబ్బు. వాటిని చమురేతర ఉత్పత్తితో భాగించి, పట్టాలిచ్చిన ఏడాదే ఫలితం వెతక్కుండా, ఆ ఏడాది అంకెను పదిహేనేళ్ల తర్వాతి అంకెతో పోల్చాలి.