భాస్వరం వేయని మడిలో వరి పరీక్ష

భాస్వరం ఉండే ఎరువు డీఏపీ బస్తా ధర పెరిగినప్పుడల్లా తక్కువ భాస్వరంతో పండే వరి లేదా అన్న ప్రశ్న వస్తుంది. 2021లో బస్తా అసలు ధర 2,400 రూపాయలకు చేరితే, రైతుకు 1,200కే ఇవ్వడానికి కేంద్రం బస్తాపై సబ్సిడీని 500 నుంచి 1,200 రూపాయలకు పెంచాల్సి వచ్చింది. తక్కువ భాస్వరంతో పండే వరి మన దగ్గర ఎప్పటినుంచో ఉంది. దాన్ని గుర్తించడమే ఆలస్యమైంది.

హరిత విప్లవం రోజుల్లో కొత్త రకాలను ఎరువులు దండిగా వేసిన మళ్లలో పెంచి, దిగుబడి చూసి ఎంచుకున్నారు. దేశానికి తిండి గింజలు కావలసిన కాలం అది, తప్పుపట్టలేం. కానీ అన్నీ అందుబాటులో ఉన్న మడిలో గట్టి వేరున్న మొక్కకూ లేని మొక్కకూ తేడా తెలియదు. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో శ్రీలంక శాస్త్రవేత్త పొన్నంపెరుమ 1970లలోనే చౌడు, జింకు లోపం, భాస్వరం లోపం ఉన్న నేలల్లో రకాలను పరీక్షించే పనిని ముందుకు నడిపారు.

ఈ పరీక్షకు ఓపిక కావాలి. నత్రజని తక్కువైతే పైరు పసుపుబారి వెంటనే తెలిసిపోతుంది. భాస్వరం తక్కువైతే ఆకు ముదురు ఆకుపచ్చగా, నిటారుగానే ఉంటుంది. మొక్క మాత్రం గిడసబారి, పిలకలు వేయదు, పూత ఆలస్యమవుతుంది. అందుకే ఒకే రకాన్ని భాస్వరం వేసిన మడిలోనూ వేయని మడిలోనూ నాటి పిలకలు లెక్కపెడతారు. పోషక ద్రావణంలో పెంచి చూడటం తేలికే. అయితే నేలలో భాస్వరం దాదాపు కదలదు, వేరు దాన్ని వెతుక్కుంటూ వెళ్లాలి. నా ఉద్దేశంలో నేలలో చేసిన పరీక్షకే ఎక్కువ విలువ.

1998లో జపాన్‌లో శాస్త్రవేత్త విస్సువా బృందం మన దేశపు పాత రకం కసలత్‌ను జపాన్ రకం నిప్పన్‌బరేతో సంకరం చేసి, భాస్వరం తీసుకునే గుణం ప్రధానంగా 12వ క్రోమోజోములోని ఒక భాగంలో ఉందని తేల్చింది. ఆ భాగానికి పప్1 అని పేరు. ప్రపంచమంతా వరికి ప్రమాణంగా వాడే జన్యుపటం నిప్పన్‌బరేది. ఈ గుణానికి కారణమైన జన్యువు అందులో లేనే లేదు! చివరికి 2012లో దొరికింది. లేత దశలోనే వేళ్లు బాగా పెరిగేలా చేయడం దాని పని.

రాజేంద్రనగర్‌లోని భారత వరి పరిశోధన సంస్థ భాస్వరం వేయని మడిని ఏళ్ల తరబడి అలాగే కాపాడుతోంది. మార్టేరు పరిశోధన కేంద్రంలో పుట్టిన స్వర్ణ రకం అలాంటి నేలలోనూ తట్టుకుంటుందని తేలింది. సాంబమసూరికి బ్యాక్టీరియా ఎండాకు తెగులు నిరోధకతతో పాటు పప్1ను కూడా చేర్చి ఈ సంస్థ డీఆర్ఆర్ ధాన్ 60 అనే రకాన్ని తెచ్చింది.

ఇలాంటి రకం వేశామని భాస్వరం పూర్తిగా మానేయకూడదు. ప్రతి పంటా గింజతో కొంత పట్టుకెళ్తుంది. అసలైన మేలు, ఏటా డీఏపీ వేసి నిల్వలు పేరుకున్న కాలువల కింది పొలాలకు. అక్కడ భూసార పరీక్ష చూసుకుని మోతాదు తగ్గిస్తే, రైతు ఎప్పుడో డబ్బు పెట్టి వేసిన ఎరువునే వేళ్లు ఇప్పుడు తీసుకుంటాయి.