పులికాట్ దారిలో ఎలక్ట్రిక్ సైకిల్ యాత్ర: అపోహలు – వాస్తవాలు

తిరుపతికి వచ్చేవారిలో చాలామందికి ఈ జిల్లాకు సముద్రతీరం ఉందన్న సంగతే తెలియదు. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పుడు, అప్పటిదాకా నెల్లూరు జిల్లాలో ఉన్న సూళ్లూరుపేట ప్రాంతం కొత్తగా ఏర్పడిన తిరుపతి జిల్లాలో చేరింది. దానితోపాటే పులికాట్ సరస్సు ఉత్తర భాగం, శ్రీహరికోట దీవి, వాకాడు మండలంలోని తూపిలిపాలెం తీరం కూడా వచ్చాయి. తిరుపతి నుంచి శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా కారులో సూళ్లూరుపేట చేరడానికి సుమారు రెండు గంటలు పడుతుంది. అక్కడి నుంచి సరస్సును చీల్చుకుంటూ శ్రీహరికోట వైపు సాగే రోడ్డు మీద మేము యాత్రికులను ఎలక్ట్రిక్ సైకిళ్ళపై వెంటబెట్టుకుని వెళ్తుంటాం. ముందుగా ఫోన్ చేసేవారు అడిగే ప్రశ్నలు దాదాపుగా మోటారు గురించి, బ్యాటరీ గురించే ఉంటాయి. గాలి ఎటు వీస్తుందని అడిగేవారు అరుదు. ఈ దారిలో యాత్ర ఎలా సాగుతుందో నిర్ణయించేది మాత్రం ఆ గాలే.

అపోహ: ఎలక్ట్రిక్ సైకిల్ అంటే చిన్న స్కూటర్. ఎక్కి కూర్చుంటే చాలు, అదే తీసుకుపోతుంది.

వాస్తవం: మేము వాడేవి పెడల్ అసిస్ట్ సైకిళ్ళు. పెడల్ తొక్కుతున్నంతసేపే మోటారు సాయం చేస్తుంది. తొక్కడం ఆపితే అదీ ఆగిపోతుంది. మన దేశంలో కేంద్ర మోటారు వాహనాల నియమావళి ప్రకారం, మోటారు సామర్థ్యం 250 వాట్ల కంటే తక్కువగా, గరిష్ఠ వేగం గంటకు 25 కిలోమీటర్ల కంటే తక్కువగా ఉండి, మిగతా షరతులకు కూడా లోబడిన బ్యాటరీ వాహనాన్ని మోటారు వాహనంగా పరిగణించరు. అందువల్లనే దానికి రిజిస్ట్రేషన్, డ్రైవింగ్ లైసెన్సు అవసరం లేదు. కొందరు దుకాణదారులు వేగ పరిమితిని తొలగించి ఇస్తామని చెబుతుంటారు. అలా చేసిన మరుక్షణం అది ఆ మినహాయింపు నుంచి బయటపడుతుందన్న విషయం మాత్రం వారు చెప్పరు.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన అపోహ కూడా ఒకటి ఉంది. మోటారు ఉంది కాబట్టి వ్యాయామమే ఉండదని క్రమం తప్పకుండా సైకిల్ తొక్కేవారు చిన్నచూపు చూస్తారు. సాయాన్ని తక్కువ స్థాయిలో ఉంచుకుని గంటన్నర తొక్కితే చెమట పడుతుంది, ఊపిరి వేగం పెరుగుతుంది. మామూలు సైకిల్‌కన్నా శ్రమ తక్కువ, తీరిక నడకకన్నా ఎక్కువ. అలిపిరి దారిలో 3,550 మెట్లెక్కి దర్శనం చేసుకుని, మరునాడు మా దగ్గరికి వచ్చే పెద్దవారు, "నాయనా, మోకాళ్ళు పట్టేసినాయి, తొక్కగలనా?" అని అడుగుతారు. మెట్లు దిగడం మోకాళ్ళ మీద వేసే భారం వేరు. సీటు తగిన ఎత్తులో పెట్టి తొక్కేటప్పుడు శరీర బరువులో ఎక్కువ భాగం సీటు మీదే ఉంటుంది. సీటు మరీ కిందికి ఉంటేనే మోకాలు నొప్పి పుడుతుంది. పెడల్ అడుగుకు చేరినప్పుడు కాలు దాదాపుగా చాచినట్లు ఉండాలి, మోకాలిలో కొద్దిపాటి వంపు మాత్రమే మిగలాలి. బయలుదేరే ముందు ఒక్కొక్కరికీ సీటు సరిచేయడానికి మేము తీసుకునే సమయాన్ని చూసి విసుక్కునేవారు ఉన్నారు. అయినా ఆ పని మాత్రం మేము తొందరగా ముగించం.

అపోహ: బ్యాటరీ మీద 40 కిలోమీటర్లని రాసి ఉంటే 40 కిలోమీటర్లూ వస్తుంది.

వాస్తవం: ఈ లెక్క గాలి లేనిచోట వేసిన లెక్క. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు సుమారు 18 కిలోమీటర్లు. పోయి రావడానికి 36. సాధారణంగా కనిపించే 36 వోల్టుల, 10 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో 360 వాట్ అవర్ల శక్తి ఉంటుంది. మధ్యస్థ సాయంతో, గాలి వీయనప్పుడు, కిలోమీటరుకు 8 నుంచి 10 వాట్ అవర్లు ఖర్చవుతాయనుకుంటే 36 నుంచి 45 కిలోమీటర్లు రావాలి. కాగితం మీద ఇది సరిపోతుంది. అయితే గాలి నిరోధం వేగంతో సమానంగా కాక, వేగపు వర్గంతో పెరుగుతుంది. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో పోతున్న మనిషికి 15 కిలోమీటర్ల ఎదురుగాలి తగిలితే, ఆయన ఒంటికి తగిలే గాలి 35 కిలోమీటర్ల వేగానిది అవుతుంది. నిరోధం మూడు రెట్లు దాటుతుంది. కిలోమీటరుకు 15 వాట్ అవర్ల చొప్పున ఖర్చయితే అదే బ్యాటరీ 24 కిలోమీటర్లకే ఖాళీ అవుతుంది. సరస్సు మధ్యన ఆ గాలిని అడ్డుకోవడానికి పెద్ద చెట్టు గాని, గోడ గాని, గుట్ట గాని ఉండదు. కొండ ఎక్కడం లేదు కాబట్టి సులభమని చాలామంది అనుకుంటారు. చంద్రగిరి వైపు ఎత్తుపల్లాల్లో ఎక్కిన కష్టం దిగేటప్పుడు కొంత తిరిగి వస్తుంది. ఎదురుగాలిలో పడిన కష్టం తిరిగి రాదు.

అందుకే బయలుదేరే వేళను మేము గాలిని బట్టి నిర్ణయిస్తాం. రాత్రి నేల చల్లబడుతుంది, నీరు అంత త్వరగా చల్లబడదు. కాబట్టి తెల్లవారుజామున నేల మీది నుంచి సముద్రం వైపు తేలికపాటి గాలి వీస్తుంది. పొద్దెక్కిన కొద్దీ నేల వేడెక్కి, ఆ మీది గాలి పైకి లేచి, దాని చోటికి సముద్రపు గాలి వస్తుంది. ఈ రోడ్డు పడమర నుంచి తూర్పుకు పోతుంది. వేకువనే బయలుదేరితే పోయేటప్పుడు నేల గాలి వీపున ఉంటుంది. ఎండ ముదరక ముందే తిరుగుముఖం పడితే అప్పుడే మొదలైన సముద్రపు గాలి మళ్ళీ వీపునే ఉంటుంది. రెండు వైపులా వెన్నుగాలితో వెళ్ళిరాగల రోజులు శీతాకాలం చివర ఎక్కువగా దొరుకుతాయి. డిసెంబరు, జనవరి నెలల్లో ఈశాన్యపు గాలి బలంగా ఉంటే పోయేటప్పుడు కొంత ఎదురవుతుంది, వచ్చేటప్పుడు కలిసి వస్తుంది. ఇది మాకు సమ్మతమే. జూన్, జూలైలలో పరిస్థితి తలకిందులవుతుంది. నైరుతి కాలపు పడమటి గాలి పోయేటప్పుడు ముందుకు నెడుతుంది, అందరూ ఇంత తేలికా అని ఉత్సాహపడతారు, అలసిపోయాక తిరుగుదారిలో అదే గాలి ఎదురు నిలుస్తుంది. ఆ నెలల్లో మేము సరస్సు మధ్యలోని అటకానితిప్ప దగ్గరే వెనక్కు తిరుగుతాం. డబ్బు పూర్తిగా చెల్లించాం కదా, చివరిదాకా తీసుకుపోండని పట్టుబట్టేవారికి నేను నచ్చజెప్పను. గాలికి ఎదురుగా సైకిల్ తిప్పి అర కిలోమీటరు తొక్కి రమ్మంటాను.

బ్యాటరీ పూర్తిగా అయిపోతే సైకిల్ కదలదన్నది నిజం కాదు. మామూలు సైకిల్ లాగే తొక్కవచ్చు. కాకపోతే 20 నుంచి 25 కిలోల బరువును తొక్కాలి. సగం దారిలో సగానికన్నా ఎక్కువ ఖర్చయిందని తెలిస్తే అప్పుడే సాయం ఒక మెట్టు తగ్గించి, వేగం గంటకు 15 కిలోమీటర్లకు దించుకుంటే చాలా వరకు ఇల్లు చేరతారు.

అపోహ: ఈ సైకిల్‌కు చప్పుడు లేదు కాబట్టి ఫ్లెమింగోల దగ్గరికి వెళ్ళి ఫొటోలు తీసుకోవచ్చు.

వాస్తవం: పక్షులు మనల్ని చెవితో కన్నా ముందు కంటితో పసిగడతాయి. ఈ రోడ్డు మీద రోజూ తిరిగే బస్సులకు, కార్లకు అవి కొంత అలవాటుపడి ఉంటాయి. కారులో కూర్చున్న మనిషి వాటికి మనిషిగా కనిపించడు. సైకిల్ ఆపి దిగి, చేయెత్తి ఫోన్ పట్టుకున్న ఆకారం మాత్రం వాటికి స్పష్టంగా మనిషే. కాబట్టి కారులో వెళ్ళినవారికన్నా సైకిల్ మీద వెళ్ళినవారే ఎక్కువ దూరం పాటించాలి. ఈ మాట చెబితే కొత్తవారు నిరాశపడతారు. అయితే ఫ్లెమింగోలు తల కిందికి వంచి, ముక్కును తిరగేసి బురదనీటిని వడగట్టుకుంటూ మేత మేస్తున్నప్పుడు వాటిని లేపితే ఆ పూట మేత పోయినట్లే. ముందుగా ఒకటి రెండు తలలెత్తి మెడలు నిటారుగా నిలుపుతాయి, ఆ పక్కనే ఉన్నవి మేయడం ఆపి ఒకే దిక్కుకు నడవడం మొదలుపెడతాయి. ఆ నడక కనిపించగానే మేము జట్టును వెనక్కు రమ్మంటాం, ఎందుకంటే దాని తరువాతిది రెక్కలు విప్పడమే. రోడ్డు కట్ట దిగి బురదలోకి వెళ్ళడాన్ని మేము ఎవరికీ అనుమతించం. మంచి ఫొటో కావాలనుకునేవారు బైనాక్యులర్, పొడవాటి లెన్సు తెచ్చుకోవాలి. సరస్సులో పక్షుల అభయారణ్యం ఉంది కాబట్టి డ్రోన్ ఆలోచన పెట్టుకోకూడదు.

పక్షులకు అనువైన కాలం నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా. వేసవిలో ఉత్తర భాగంలో నీరు బాగా తగ్గి పగుళ్ళు బారిన నేల కనిపిస్తుంది. పర్యాటక ప్రకటనల్లోని గులాబీ రంగు గుంపులను మే నెలలో వెతికితే దొరకవు. దొరవారిసత్రం మండలంలోని నేలపట్టు దగ్గర గూడబాతులు గూళ్ళు కట్టుకునేది కూడా శీతాకాలంలోనే. సైకిల్ యాత్ర ఉదయమే ముగుస్తుంది కాబట్టి మిగిలిన పూటకు నేలపట్టు చక్కగా సరిపోతుంది.

అపోహ: తీరయాత్ర అంటే ఇసుక మీద, అలల పక్కన సైకిల్ తొక్కడం.

వాస్తవం: శ్రీహరికోట తూర్పు ఒడ్డు ఇస్రో ప్రయోగ కేంద్రం పరిధిలోనిది, 1971 నుంచి అక్కడ రాకెట్ ప్రయోగాలు జరుగుతున్నాయి, ఆ ఒడ్డుకు యాత్రికులకు ప్రవేశం లేదు. మా యాత్రలో కనిపించేది సరస్సు. ఒడిశాలోని చిలికా తరువాత మన దేశంలో రెండవ పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. అలలు చూడాలనుకునేవారిని తూపిలిపాలెం తీసుకువెళ్తాం, అక్కడ కూడా సైకిల్‌ను ఒడ్డుకు ఎగువనే ఆపుతాం. పొడి ఇసుకలో మామూలు టైరు దిగబడుతుంది, దిగబడినప్పుడు మోటారు తిరగలేక వేడెక్కుతుంది. నీటి అంచున తడిసి గట్టిపడిన ఇసుక మీద లావుపాటి టైర్లతో తొక్కవచ్చు గాని, ఆ తొక్కడంలో ఉప్పునీరు నేరుగా చైన్ మీద, బేరింగుల మీద పడుతుంది. దీనికి తోడు ఆలివ్ రిడ్లే తాబేళ్ళు మన కోస్తాలో జనవరి నుంచి మార్చి వరకు గుడ్లు పెట్టేది అలలు తాకే గీతకు కాస్త ఎగువనే.

నీరు పడినా ఫరవాలేదన్న ధీమాను కూడా ఇక్కడే ప్రస్తావించాలి. ఐపీఎక్స్4 అని రాసి ఉంటే అది చినుకులకు, తుంపరలకు తట్టుకుంటుందని మాత్రమే అర్థం. నీటిలో దించవచ్చని కాదు. ఒడ్డున నడిపిన సైకిల్ మీద మరునాటికి తెల్లటి ఉప్పుపొర కనిపిస్తుంది, బ్యాటరీ పిన్నుల దగ్గర పచ్చటి కిలుం పడుతుంది. ప్రెషర్ పైపుతో కడిగితే నీరు చక్రం నడుమ ఉండే హబ్ లోపలికి చొరబడుతుంది. మంచినీటిలో తడిపి పిండిన గుడ్డతో తుడిచి, ఆరనిచ్చి, చైన్‌కు నూనె వేయడమే సరైన పద్ధతి. ఎండలో నిలిపిన బ్యాటరీని వెంటనే చార్జింగులో పెట్టకూడదు. నీడలో చల్లారాక పెట్టాలి.

అపోహ: రోడ్డు ఒక్కటే, తిన్నగా ఉంది, గూగుల్ మ్యాప్ ఉంటే గైడ్ ఎందుకు?

వాస్తవం: దారి చూపడానికి గైడ్ అక్కరలేదన్నది నిజమే. మేము పనికివచ్చేది పంక్చర్ పడినప్పుడు. రోడ్డు పక్కన సర్కారు తుమ్మ విస్తారంగా పెరిగింది, దాని ముల్లు సైకిల్ టైరులోకి సులభంగా దిగుతుంది. హబ్ మోటారు ఉన్న వెనుక చక్రాన్ని మామూలు సైకిల్ చక్రంలా ఊడదీయడం కుదరదు; మోటారు వైరు ఉంటుంది, బిగింపు నట్లు పెద్దవి, తిరిగి బిగించేటప్పుడు వాషర్ తప్పితే ఇరుసు తిరిగి వైరు తెగుతుంది. అందువల్ల చక్రం బండికే ఉండగా, టైరును ఒక పక్క మాత్రమే లేపి, ట్యూబును ఆ మేరకు బయటికి లాగి ప్యాచ్ వేస్తాం. ముల్లు మొన టైరు లోపల మిగిలిపోయిందేమో వేలితో కాకుండా గుడ్డతో తడిమి చూస్తాం; గుడ్డ పోగు ఎక్కడ చిక్కుకుంటే ముల్లు అక్కడ ఉన్నట్లు.

ప్రయోగాల రోజుల్లో ఈ రోడ్డు మీద రద్దీ, ఆంక్షలు పెరుగుతాయి. ఆ రోజుల్లో మేము బుకింగు తీసుకోం. ఉరుములు వినిపించినా అంతే. నీటి మధ్యన కట్ట మీద పోతున్న మనిషే చుట్టుపక్కల అన్నిటికన్నా ఎత్తైన వస్తువు కాబట్టి, మబ్బు ఎంత దూరాన ఉన్నా వెనక్కు మళ్ళుతాం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండం హెచ్చరిక ఉంటే ముందురోజే రద్దు చేస్తాం.

అపోహ: మెల్లగా పోయే సైకిల్‌కు హెల్మెట్ అవసరం లేదు.

వాస్తవం: అవసరమే. దీనిలో వాదించడానికి ఏమీ లేదు గాని, తిరుపతి వైపు నుంచి వచ్చేవారికి ప్రత్యేకించి చెప్పవలసిన సంగతి ఒకటి ఉంది. తలనీలాలు సమర్పించి వచ్చినవారికి వారి పాత హెల్మెట్ వదులవుతుంది, గుండు మీద చెమట నిలవక నేరుగా కళ్ళలోకి జారుతుంది, హెల్మెట్ గాలిరంధ్రాల గుండా పడిన ఎండకు నెత్తి మీద చారలు చారలుగా కమిలిపోతుంది. పలుచని నూలు గుడ్డను తలకు చుట్టి, వెనుక ముడి లేకుండా మడిచి, దానిపైన హెల్మెట్ పెట్టి పట్టీ బిగించుకోవాలి. ముడి ఉంటే హెల్మెట్ ముందుకు వాలుతుంది. గుడ్డ తెచ్చుకోని వారి కోసం ఉతికినవి కొన్ని మా సంచిలో ఎప్పుడూ ఉంటాయి.