టెంప్ ఫైల్‌కు 600 పర్మిషన్ ఎందుకొచ్చింది?

లైనక్స్ లాంటి సిస్టమ్‌లో స్క్రిప్ట్ ఒక పేజీని ఎంకేటెంప్ (mktemp) కమాండ్‌తో టెంప్ డైరెక్టరీలో, అంటే తాత్కాలిక ఫైళ్ల చోట తయారుచేసి, ఫైల్‌ను తరలించే ఎంవీ (mv) కమాండ్‌తో వెబ్‌సైట్ ఫోల్డర్‌లో పెడుతుంది. ఎర్రర్ ఏమీ రాదు. బ్రౌజర్‌లో తెరిస్తే మాత్రం 403, అంటే చూసే అనుమతి లేదని. పర్మిషన్ చూస్తే 600, అంటే మామూలు ఖాతాల్లో ఓనర్ తప్ప ఎవరూ చదవలేరు. కొత్త ఫైళ్ల పర్మిషన్‌లో కోత పెట్టే యూమాస్క్ 022 ఉంటే 644 (ఓనర్ రాయొచ్చు, అందరూ చదవొచ్చు) రావాలి కదా అని తల పట్టుకుంటాం. దీని వెనక పెద్ద కథే ఉంది.

ఒకే మెషిన్ మీద ఎందరో పనిచేసే రోజుల్లో పుట్టిన యూనిక్స్‌లో టెంప్ డైరెక్టరీ అందరిదీ. ఒక డైరెక్టరీలో రాసే హక్కు ఉందంటే, అందులో ఎవరి ఫైల్‌నైనా తీసేసే హక్కు ఉన్నట్టే. 1986లో 4.3 బీఎస్‌డీ అనే యూనిక్స్ వెర్షన్ దీనికి అడ్డుకట్ట వేసింది. అంతకుముందు ప్రోగ్రామ్‌లను స్వాప్‌లో (మెమరీకి తోడుగా వాడే డిస్క్ భాగంలో) నిలిపి ఉంచడానికి వాడిన స్టికీ బిట్ అనే పర్మిషన్ గుర్తును డైరెక్టరీలకు పెట్టి, ఫైల్ ఓనర్, డైరెక్టరీ ఓనర్, రూట్ (అన్ని హక్కులూ ఉన్న ఖాతా) మాత్రమే తీసేయగలిగేలా చేసింది. టెంప్ డైరెక్టరీకి కనిపించే 1777 పర్మిషన్‌లో ముందున్న 1 అదే.

అసలు ప్రమాదం అప్పటికీ పోలేదు. చాలా స్క్రిప్టులు టెంప్ ఫైల్ పేరుకు ప్రాసెస్ నంబర్ తగిలించేవి. ఆ నంబర్ ఊహించి, అదే పేరుతో ఎవరైనా ముందే సింబాలిక్ లింక్ (మరో ఫైల్‌కు దారి చూపే ఫైల్) పెడితే, రూట్ నడిపే స్క్రిప్ట్ వెళ్లి సిస్టమ్ ఫైల్ మీద రాసేస్తుంది. 1997లో ఓపెన్‌బీఎస్‌డీ 2.1తో వచ్చిన ఎంకేటెంప్ కమాండ్ దీనికి సరైన జవాబు: ఊహకందని పేరు, ముందే ఉన్న ఫైల్‌ను ముట్టుకోకపోవడం, 600 పర్మిషన్. ఇలాంటి లింకులను కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) స్థాయిలోనే అడ్డుకునే సెట్టింగ్ 2012లో లైనక్స్ 3.6తో వచ్చింది.

కాబట్టి ఆ 600 వెనక గట్టి కారణమే ఉంది. చిక్కల్లా ఎంవీ దాన్ని మార్చకుండా మోసుకెళ్లడంలో ఉంది. ఒకే ఫైల్‌సిస్టమ్ అయితే పేరు మాత్రమే మారుతుంది, వేరేదైతే కాపీ చేసి పాత పర్మిషన్లే పెడుతుంది. అందుకే టెంప్ ఫైళ్ల చోటు చెప్పే టెంప్‌డిర్ (TMPDIR) వేరియబుల్‌ను మరో చోటికి మార్చినా 600 అలాగే ఉంటుంది. కాపీ చేసే సీపీ (cp) కమాండ్ వాడినా కొత్త ఫైల్‌కు పాత ఫైల్ పర్మిషనే ఆధారం, యూమాస్క్ దాన్ని తగ్గిస్తుందే గానీ పెంచదు. అక్కడ ముందే ఫైల్ ఉంటే మాత్రం దాని పర్మిషన్ నిలుస్తుంది.

విసిగిపోయి అందరికీ అన్ని హక్కులూ ఇచ్చే 777 కొట్టడం ఇన్నేళ్ల జాగ్రత్తను నీళ్లపాలు చేయడమే. ఎంవీకి ముందు 644 ఇవ్వండి, లేదా ఫైల్‌ను కాపీ చేస్తూనే పర్మిషన్ పెట్టే ఇన్‌స్టాల్ (install) కమాండ్‌కు ఆ మోడ్ చెప్పి ఫైల్‌ను అక్కడ పెట్టించండి.